గుంపస్వామి అనర్హత

పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు, పెళ్లయితేగాని పిచ్చి కుదరదు అన్న సామెతను పూర్వం జనం నవ్వుకోవడానికి వాడుకునేవారు. ప్రభుత్వం దానికి ఒక శాఖను, ఒక కమిషనర్‌ను, మూడు తెల్ల జీపులను కేటాయించింది. రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం విధించిన చట్టంలోనే నాలుగో సెక్షను కింద ఇలా రాసి ఉంది: "మితముగా తాగుట నేర్చుకున్నట్లు రుజువు చేసిన పౌరునకు తాగు హక్కు పునరుద్ధరింపబడును." నేర్చుకోవాలంటే గురువు కావాలి. గురువుకొక భవనం, భవనానికొక బోర్డు కావాలి. అలా నీలాటిపురంలో మితపాన విద్యాకేంద్రం వెలిసింది.

దానికి నిడిగొండ పరాంకుశంగారిని సంచాలకుడిగా నియమించారు. ఆయన ఆ ఊరి ప్రభుత్వ కళాశాలలో ముప్ఫై ఏళ్లు తత్త్వశాస్త్రం బోధించారు. చివరి నాలుగేళ్లు ఆ శాఖలో విద్యార్థులు లేరు. అయినా గంట మోగగానే ఆయన తరగతి గదికి వెళ్లి, పాఠం సాగేంతసేపు కూర్చుని వచ్చేవారు. యౌవనంలో ఆయన మధ్యమార్గం మీద మూడువందల పన్నెండు పేజీల సిద్ధాంతవ్యాసం రాశారు. సచివాలయంలో ఎవరో దాని శీర్షికలోని "మితం" అన్న మాట కింద ఎర్ర సిరాతో గీత గీశారు. నియామకానికి ఆ గీత చాలింది. ఆయన జన్మలో మద్యం ముట్టారా అని ఎవరూ అడగలేదు. ముట్టలేదని ఆయనా చెప్పలేదు. అడగనిదానికి చెప్పకపోవడం అసత్యమవుతుందా అని మాత్రం రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు ఉద్యోగంలో చేరారు.

కళాశాల నుంచి ఆయన వెంట వచ్చినవి ఒక బీరువా పుస్తకాలు, అటెండరు గుంపస్వామి. గుంపస్వామి ఈ ఉద్యోగానికి రాకముందు తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. చెట్టు దిగాడు గాని కల్లు మానలేదు. నలభై ఏళ్లుగా పొద్దువాలే వేళకు ఒక ముంత తాగేవాడు. ఒక్కటే. పండుగనాడు రెండు కాదు, జ్వరంనాడు అర కాదు. తాగేముందు నాలుగు చుక్కలు నేలమీద వదిలేవాడు. తనకంటే ముందు ఆ చెట్లెక్కి, వాటిలో ఒకదానిమీంచి పడి చనిపోయిన తండ్రికి అది వాటా.

నిషేధం వచ్చి ఎనిమిది నెలలైంది.

"ముంత లేకుండా ఎలా ఉంది గుంపస్వామీ?" అని ఒకనాడు టీ తాగుతూ అడిగారు పరాంకుశంగారు.

"ఏటుంది బాబూ. ఎలుగు పోతాది గానీ పొద్దు గూకినట్టుండదు. అరుగుమీద అలగే కాసేపు కూకుంటాను. కూకుని లోపలికెల్లిపోతాను."

పరాంకుశంగారికి తన ఖాళీ తరగతి గది జ్ఞాపకం వచ్చింది. "ఒక్క ముంతతో ఎలా ఆపగలిగేవాడివి?"

"ఆపీడవేటి బాబూ? అయిపోతే లెగిసిపోతాం. బువ్వ తిన్నాక తవరు లెగవరేటి?"

పరాంకుశంగారు టీ గ్లాసు బల్లమీద పెట్టేశారు. తాను మూడువందల పన్నెండు పేజీలు రాసి కొసకు చేర్చలేకపోయిన వాక్యం గుంపస్వామి గ్లాసు కడుగుతూ చెప్పాడు. "ఈ కేంద్రం ఇచ్చే మొదటి లైసెన్సు నీదే. నీ ముంత నీకు తిరిగి ఇప్పిస్తాను," అన్నారు. గుంపస్వామి అడగలేదు. ఆయనే మాట ఇచ్చారు. ఇవ్వాలనిపించింది గుంపస్వామికి అతని ముంత దక్కాలనా, తన సిద్ధాంతానికి ఒక ప్రాణమున్న రుజువు దొరకాలనా అన్న ప్రశ్న ఆ రాత్రి ఆయనను కొంత బాధించింది. రెండూ ఒకటేనని తేల్చుకుని నిద్రపోయారు.

మితపాన కమిషనర్ సర్వోత్తమరావుగారు ఆ వారమే తనిఖీకి వచ్చారు. పరాంకుశంగారు గుంపస్వామి సంగతి ఉత్సాహంగా విన్నవించారు.

"అనగా, సదరు వ్యక్తి ఇప్పటికే మితపాని అని తమ అభిప్రాయం," అన్నారు కమిషనర్‌గారు.

"నలభై ఏళ్లుగానండి."

"ధ్రువీకరించిన అధికారి ఎవరు?"

"అధికారి ఎవరూ లేరండి. అతనికతనే..."

"స్వయంభూ మితత్వమును శాఖ గుర్తింపజాలదు. గుర్తించినచో శిక్షణ లేకుండగనే మితము సాధ్యమని అంగీకరించినట్లగును. అట్టి అంగీకారము ఈ భవనమునకు శ్రేయస్కరము కాదు." ఆయన తలెత్తి, ఇంకా తడి ఆరని పైకప్పు వైపు చూశారు. పరాంకుశంగారు కూడా చూశారు.

"అయితే అతన్ని విద్యార్థిగా చేర్చుకుంటానండి. పరీక్ష రాయిస్తాను. తేలిగ్గా గట్టెక్కుతాడు."

"నిరభ్యంతరముగా. ప్రవేశమునకు ఉన్నది ఒకే నిబంధన. అభ్యర్థి అమితుడై ఉండవలెను. ఆరోగ్యవంతుని ఆసుపత్రిలో చేర్చుకొనము గదా." వెళ్తూ జీపులో కూర్చుని ఇంకొక మాట చెప్పారు. నిషేధ వార్షికోత్సవం నాటికి జిల్లాలో నూరుగురు మితులు తయారు కావాలి. మంత్రిగారు స్వహస్తాలతో వారికి తాగే లైసెన్సులిచ్చి, మద్యరహిత రాష్ట్రాన్ని జాతికి అంకితం చేస్తారు.

అమితులెవరో తేల్చాలంటే తాగించి చూడాలి. తాగించడానికి మద్యనిషేధ శాఖ అనుమతి కావాలి. ఆ శాఖ పక్క గదిలోనే ఉంది గాని, మధ్య గోడకు తలుపు లేదు. కనుక ఉత్తరం రాజధానికి వెళ్లి రావాలి. ఈలోగా కాలం వృథా కాకూడదని ప్రవేశ పరీక్షను మజ్జిగతో జరపవలసిందిగా ఉత్తర్వు వచ్చింది. "ద్రవమేదైనను ప్రవృత్తి ఒక్కటియే," అని అందులో కారణం కూడా చెప్పారు.

అది మే నెల. ప్రతి కార్యాలయమూ ఇద్దరేసి ఉద్యోగులను పంపాలన్నారు గనక వరండా నిండిపోయింది. ఒక ప్రభుత్వ డాక్టరు, ఒక ఎక్సైజ్ ఇన్‌స్పెక్టరు, పరాంకుశంగారు కలిసి పరీక్షా మండలి. ఇన్‌స్పెక్టరు పేరు త్రినాథ్. ప్రతి దానికీ ఒక గడి గీసుకుని అందులో టిక్కు పెట్టేవరకు అతనికి స్థిమితం ఉండదు. మూడు గ్లాసుల లోపు ఆగినవాడు మితుడు, ఆగనివాడు అమితుడు.

సర్వేయరు జోగినాథం పొద్దుట నుంచి ఎండలో గొలుసు లాగి, పొలాలు కొలిచి, నేరుగా అక్కడికి వచ్చాడు. ఏడు గ్లాసులు ఎత్తిన చెయ్యి దించకుండా తాగి, ఎనిమిదోది ఉందేమోనని అటూ ఇటూ చూశాడు.

"తీవ్ర అమితుడు," అన్నాడు త్రినాథ్ టిక్కు పెడుతూ.

"అయ్యా, మందు వాసన కూడా ఎరగనండి నేను. ఎండనపడి వచ్చానంతే," అన్నాడు జోగినాథం.

"మొదట అందరూ ఇలాగే అంటారు. కాదనడమే ఈ జబ్బుకు తొలి లక్షణం," అని డాక్టరుగారు అతని కంటి రెప్ప లాగి చూశారు. "అయ్యో, బాగా ముదిరింది."

జోగినాథానికి ప్రవేశం లభించింది. అతని భార్య ఆ సాయంత్రమే పుట్టింటికి వెళ్లిపోయిందని తర్వాత తెలిసింది.

గుంపస్వామి తన వంతు వచ్చినప్పుడు నాలుగు చుక్కలు నేలమీద వదిలి, ఒక గ్లాసు తాగి, మూతి తుడుచుకుని లేచాడు. ఇంకోటి తాగమన్నా తాగలేదు. "బాగుంది గానీ, సరిపోయినాది," అన్నాడు. మండలి నిర్ణయం: మితుడు. అదనంగా, ద్రవము వృథా చేసినాడు. అనర్హుడు.

పరాంకుశంగారు రాజధానికి నాలుగు ఉత్తరాలు రాశారు. మితంగా ఉన్నందుకు మితత్వానికి అనర్హుడు కావడంలోని తర్కదోషాన్ని మొదటి ఉత్తరంలో ఆరు పేజీల్లో, నాలుగో ఉత్తరంలో ఆరు వాక్యాల్లో వివరించారు. వచ్చిన జవాబులో దోషం ఊసు లేదు, పరిష్కారం ఉంది. అమితత్వము తగినంత వికసించని అభ్యర్థుల కొరకు మూడు సాయంత్రముల పూర్వార్హతా శిబిరము నిర్వహించవలెను. దాడులలో పట్టుబడిన సరుకును అందుకు వినియోగించవలెను. అందులోనూ వికసించనివారు శాశ్వత అనర్హులు.

శిబిరానికి పదకొండుమంది వచ్చారు. వరండాకు గుడ్డ బ్యానరు కట్టారు: "అమితమే మితమునకు మొదటి మెట్టు." మొదటి సాయంత్రమే పదిమంది వికసించారు. దేవాదాయ శాఖ గుమాస్తా ఒకాయన ఎంతగా వికసించాడంటే, జాతీయగీతం రెండుసార్లు పాడి, రెండుసార్లూ అందరినీ నిలబెట్టాడు. పదకొండోవాడు గుంపస్వామి. ఒక గ్లాసు తాగి, పదిమంది గ్లాసులూ కడగడానికి లేచాడు.

"మీవాడు సహకరించట్లేదు సార్," అన్నాడు త్రినాథ్ గడిని పెన్నుతో తడుముతూ. "ఇయ్యాళ నుంచీ మూడు రోజులూ పడిపోవాలి సార్. లేకపోతే శాశ్వతంగా కొట్టేయాలి."

పరాంకుశంగారు గుంపస్వామిని తన గదిలోకి పిలిచి తలుపు దగ్గరకు వేశారు.

"మూడే మూడు రోజులు గుంపస్వామీ. తర్వాత బతికినంతకాలం నీ ముంత నీది."

"ఒద్దులెండి బాబూ. ఎలాగూ మానీసినాను గదా."

"నేను మాట ఇచ్చాను."

"నాకే గదా బాబూ ఇచ్చినారు. నాను ఒగ్గీసినాను."

అంత సులువుగా విడిపోయే ముడిని పరాంకుశంగారు అంతకుముందు చూడలేదు. విడిపోనివ్వవచ్చు. ఇచ్చిన మాటను పుచ్చుకున్నవాడే వద్దన్నాక మిగిలేది మాట కాదు, అహంకారమేనని ఆయనకు తెలుసు. తరగతిలో చెప్పారు కూడా. కానీ ఎల్లుండికి నివేదిక వెళ్లాలి. నివేదికలో గుంపస్వామి పేరు పక్కన "అనర్హుడు" అని రాసి కింద మితం మీద పరిశోధించిన మనిషి సంతకం పెట్టాలి.

"ఈ ఒక్కసారికి, నా కోసం," అన్నారు.

ఇరవై రెండేళ్లలో గుంపస్వామిని ఈయన తనకోసమని ఏదీ అడగలేదు. "తవరికోసరం అంటే మరేటంతాను," అన్నాడు.

మూడు సాయంత్రాలు తాగాడు. పైకెక్కడం తప్ప దిగడం లేని చెట్టు ఎక్కుతున్నవాడిలా, ఒక్కొక్క గ్లాసుకూ ఊపిరి బిగబట్టి తాగాడు. మూడో సాయంత్రం త్రినాథ్‌ను పట్టుకుని "అయ్యా, అయ్యా" అని చనిపోయిన తండ్రిని పిలిచినట్టు పిలిచి ఏడ్చాడు. ఇరవై ఏళ్లు తాటిచెట్లెక్కి ఒక్కనాడూ జారనివాడు రెండు మెట్ల వరండా మీంచి పడ్డాడు. త్రినాథ్ నిదర్శనం కోసం ఫొటో తీశాడు. మండలి నిర్ణయం: అర్హుడు.

అతన్ని తీసుకువెళ్లడానికి భార్య అసిరమ్మ వచ్చింది. కొంగు నడుముకు చుట్టుకుని, మొగుడి చెయ్యి తన భుజం మీద వేసుకుని, పరాంకుశంగారి దగ్గర ఆగింది.

"నలభై ఏళ్లు తాగినాడండి మావోడు. ఒక్కనాడు నాను సెయ్యట్టుకుని తీసుకెల్లినదాన్ని కాను. ఇక్కడేటి నేర్పుతున్నారండీ?"

"మితం," అన్నారు పరాంకుశంగారు.

"బాగానే అబ్బినాదండి," అని ఆమె మెట్లు దిగింది.

తర్వాత నలభై రోజుల శిక్షణ సజావుగా సాగింది. పరాంకుశంగారు మితం యొక్క స్వరూప స్వభావాలు బోధించారు. గుంపస్వామి మొదటి వరుసలో కూర్చుని, మధ్యమధ్య లేచి సుద్దముక్క అందించి, మళ్లీ కూర్చునేవాడు. పరీక్షలో "మితమనగానేమి?" అన్న ప్రశ్నకు జోగినాథం నాలుగు పేజీలు రాసి ప్రథమ శ్రేణిలో నిలిచాడు. గుంపస్వామి నోటితో చెప్పిన జవాబును త్రినాథ్ రాసుకున్నాడు. "నాకు ముందు తెలిసీది బాబూ," అన్నాడట. దానికి పాసు మార్కులు వేశారు.

వార్షికోత్సవం నాడు నూరుగురికీ శాలువలు కప్పారు. "ఈ నూరుగురు నిషేధమునకు కీర్తిపతాకలు, వీరి ప్రతి గుక్కయు మన విజయమునకు నిదర్శనము," అన్నారు సర్వోత్తమరావుగారు. మంత్రిగారు నిమ్మరసం తాగారు. గుంపస్వామికి నీలం అట్ట లైసెన్సు ఇచ్చారు. ముంత అనేది గుర్తింపు పొందిన కొలత కాదు గనక రోజుకొక ప్రామాణిక స్టీలు పాత్రెడు కల్లు అని రాశారు. ఆ కల్లు కేంద్రంలోనే, ఇన్‌స్పెక్టరు సమక్షంలో, సూర్యాస్తమయానికి ముందు తాగాలి. అట్ట వెనుక తొమ్మిదో సెక్షను సన్నని అక్షరాల్లో ఉంది. వరుసగా మూడు రోజులు తాగనివాడు మితుడు కాడు. మితుడు కానివాడు అమితుడు. లైసెన్సు పొంది అమితుడైనవానికి ఆరు నెలల జైలు, ఉద్యోగము నుండి తొలగింపు.

మర్నాడు సాయంత్రం గుంపస్వామి కేంద్రం వెనుక వైపు మెట్ల మీద కూర్చున్నాడు. పక్కన కల్లు కుండ, ఎదురుగా నురగతో పాత్ర. ఏడాది తర్వాత, చట్టబద్ధంగా. పరాంకుశంగారు కిటికీలోంచి చూస్తున్నారు. గుంపస్వామి పాత్ర ఎత్తి, నోటి దాకా తెచ్చి, దించేశాడు.

"ఏమైంది? కల్లు బాగోలేదా?" అని ఆయన బయటికి వచ్చి అడిగారు.

"మంచి కల్లే బాబూ. పోతు తాటిది, వాసన తెలుత్తాది. నాకే లోపలికి పోడం లేదు. ఎత్తగానే ఆ మూడు దినాలూ వొచ్చి ముందర కూకుంతన్నాయి."

రెండో రోజూ అంతే. త్రినాథ్ గడి ఖాళీగా వదిలాడు. మూడో రోజు జీపు వేసుకుని వచ్చాడు. పక్కన ఒక కానిస్టేబుల్ కూడా ఉన్నాడు.

"నాకేం పగ లేదు సార్," అన్నాడు త్రినాథ్. "నిండుగా ఉంటే కేసు, ఖాళీ అయితే టిక్కు. మధ్యలో నా దగ్గర గడి లేదు."

పొద్దు కొబ్బరితోట మీదికి దిగింది. గుంపస్వామి రెండు చేతులతో పాత్ర పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. పాత్ర ఒరిగి నురగ మోకాలి మీద పడింది. ఈ వయసులో అతను జైలుకు వెళ్తే అసిరమ్మ ఎవరి దగ్గరికి వచ్చి ఏమడుగుతుందో పరాంకుశంగారు ఊహించుకోనక్కరలేదు. ఆయన మెట్టు దిగి, గుంపస్వామి పక్కన కూర్చుని, ఆ చేతుల్లోంచి పాత్ర తీసుకుని, తాగేశారు.

యాభై ఎనిమిదేళ్లలో మొదటిసారి. మధ్యలో ఒకసారి దగ్గు వచ్చింది. ఆగలేదు.

"ఖాళీ అయింది," అన్నారు పాత్ర చూపించి.

త్రినాథ్ పెన్ను గడి మీద ఆగిపోయింది. "మీకు లైసెన్సు లేదు సార్."

"లేదు."

"లైసెన్సు లేకుండా తాగితే అమితుల కింద లెక్క సార్."

"అయితే వచ్చే బ్యాచిలో ప్రవేశానికి అర్హుణ్ణి. రాసుకోండి."

కానిస్టేబుల్ నవ్వు ఆపుకోవడానికి జీపు వైపు తిరిగాడు. పరాంకుశంగారు మెట్టుకు వీపు ఆనించారు. పులుపు, తీపి, వెనకాల ఏదో పచ్చివాసన. కొబ్బరితోట కొంచెం దగ్గరికి జరిగినట్టుంది. ఇంతకాలం తాను మితం అని పిలుచుకున్నది కేవలం ఎదురుగా ఏమీ లేకపోవడమేమో అనిపించింది. ఆ ఆలోచన ఎంతో స్పష్టంగా ఉంది. ఇంకొంచెం ఉంటే ఇంకా స్పష్టమయ్యేటట్టుంది.

"కుండలో ఇంకా ఉందా గుంపస్వామీ?" అన్నారు.

"ఉంది బాబూ."

"కొద్దిగా పొయ్యి."

గుంపస్వామి పాత్ర మూతి మీద అరచెయ్యి వేశాడు. "ఒద్దు బాబూ. ఇయ్యాలకి ఇంతే."

"నివేదికలో ఏం రాయమంటారు సార్?" అని అడిగాడు త్రినాథ్.

పరాంకుశంగారు అతని మాట వినిపించుకోలేదు. పాత్ర అంచు పట్టుకుని ఒకసారి లాగారు, రెండోసారి మరికొంచెం గట్టిగా లాగారు. తాటిచెట్లను పట్టి ఎక్కిన చెయ్యి అది, కదలలేదు. కాసేపటికి ఆయన వదిలేశారు.